నాలుగో కాపీ చదివినవాళ్లు

మా నాన్న తరం వాళ్ల ఇళ్లల్లో చాలాచోట్ల ఒక చెక్క బీరువా, అందులో ఓ వరస సోవియట్ పుస్తకాలు ఉండేవి. విశాలాంధ్ర దుకాణంలోనో, ఊళ్లోకొచ్చిన వాళ్ల పుస్తకాల వ్యాన్ దగ్గరో కొన్నవి. గట్టి అట్ట, మంచి కాగితం, ధర చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. ప్రగతి, రాదుగ అనే ప్రచురణాలయాలు అక్కణ్ణించే తెలుగులో అచ్చేసి పంపేవి. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటివాళ్లు మాస్కోలో ఉద్యోగం చేస్తూ ఆ అనువాదాలు చేశారు. గోర్కీ, చెహోవ్, టాల్‌స్టాయ్, పిల్లల బొమ్మల కథలు. నాకు చదివే అలవాటు పట్టించింది ఆ బీరువానే. ఆ కృతజ్ఞత నాకు పోలేదు, పోదు కూడా.

కానీ అదే దేశంలో, అదే రోజుల్లో రెండో బీరువా ఒకటుండేది. అందులోవి అచ్చుపుస్తకాలు కావు. ఉల్లిపొర లాంటి కాగితాల మీద టైపు కొట్టిన కట్టలు. అట్ట లేదు, ధర లేదు, చాలాసార్లు రచయిత పేరు కూడా లేదు. ఒక్క రాత్రికి తెచ్చుకుని, ఇంట్లో నలుగురూ ఒకరి తర్వాత ఒకరు పేజీలు అందించుకుంటూ చదివేసి, తెల్లారేసరికి తిరిగిచ్చేయాలి. మొదటి బీరువా మనకు పంపిన ప్రభుత్వమే ఈ రెండో బీరువా కోసం ఇళ్లు సోదా చేయించేది. ఈ రెండూ కలిపి చూస్తే తప్ప ఆ దేశపు సాహిత్యం పూర్తిగా అర్థం కాదని నా అభిప్రాయం.

నాకు కథలు రాసే స్నేహితులు ముగ్గురున్నారు. ఏం రాసినా మొదటి చిత్తుప్రతి నాకు పంపిస్తారు. నేను చేసే సాయం మహా అయితే ఒక ఆదివారం మధ్యాహ్నం, వర్డ్ ఫైల్లో పక్కన నాలుగు కామెంట్లు. "ఈ పేరా తీసెయ్", "ఈవిడ ఇలా మాట్లాడదు", "ముగింపు ముందే తెలిసిపోతోంది". ఆఫీసులో కోడ్ రివ్యూ ఎలా చేస్తానో ఇదీ అంతే. వాళ్లు తిట్టుకుంటే తిట్టుకుంటారు, అంతకుమించి నాకొచ్చే నష్టం లేదు. ఆ రెండో బీరువా గురించి చదవడం మొదలెట్టాక నాకు పట్టుకున్న విషయం ఇదే. స్నేహితుడి చిత్తుప్రతి చదివిపెట్టడం అనే ఇంత చిన్న పని అక్కడ ప్రాణం మీదకు తెచ్చేది. అయినా చేశారు. రచయితల పేర్లు మనకు తెలుసు, ఈ మొదటి పాఠకుల పేర్లే తెలియవు. అందుకే వాళ్ల గురించి రాయాలనిపించింది.

మొదట లెనిన్‌గ్రాడ్‌కి వెళ్దాం. 1938. కవయిత్రి అన్నా అఖ్మతోవా మొదటి భర్త గుమిల్యోవ్‌ని 1921లోనే కాల్చేశారు. ఇప్పుడు కొడుకు జైల్లో ఉన్నాడు. జైలు గోడ పక్కన క్యూలో మిగతా ఆడవాళ్లతో పాటు ఆవిడా నెలల తరబడి నిలబడింది, లోపలికి ఒక పొట్లం అందించడానికి. ఆ క్యూల గురించే "రెక్వియెం" అనే కవితల వరస రాస్తోంది. కాగితం మీద ఉంచుకునే వీల్లేదు. గదిలో గోడలకు చెవులున్నాయని ఆవిడ అనుమానం. అది ఊరికే భయం అనడానికి లేదు.

ఆవిడ దగ్గరకి లిడియా చుకోవ్‌స్కాయా అనే ఆవిడ వస్తుండేది. పిల్లల పుస్తకాలకు సంపాదకురాలు. ఈమె భర్త మత్వేయ్ బ్రోన్‌స్టీన్ భౌతికశాస్త్రవేత్త, గురుత్వాకర్షణకీ క్వాంటం సిద్ధాంతానికీ ముడిపెట్టే పనిని అందరికంటే ముందు మొదలుపెట్టిన వాళ్లలో ఒకడు. 1938 ఫిబ్రవరిలో ముప్పై ఒక్క ఏళ్ల వయసులో కాల్చేశారు. భార్యకి మాత్రం "ఉత్తరాలు రాసే హక్కు లేకుండా పదేళ్ల శిక్ష" అని చెప్పారు. ఆ వాక్యానికి మరణశిక్ష అని అర్థమని జనానికి తెలియడానికి చాలా కాలం పట్టింది.

వాళ్లిద్దరూ పనిచేసిన పద్ధతిని చుకోవ్‌స్కాయా తర్వాత తన రోజువారీ రాతల్లో చెప్పింది. అఖ్మతోవా టీ గురించో వాతావరణం గురించో పైకి ఏదో మామూలు మాట అంటూ, చిన్న కాగితం ముక్క మీద పెన్సిల్‌తో కొత్త పంక్తులు గబగబా రాసి చేతికిచ్చేది. చుకోవ్‌స్కాయా చప్పుడు లేకుండా చదివి, మనసులో వల్లె వేసుకుని తిరిగిచ్చేది. అఖ్మతోవా అగ్గిపుల్ల గీసి ఆ కాగితాన్ని బూడిద పళ్లెంలో కాల్చేసేది. తర్వాత లిడియా అర్ధరాత్రి వీధుల వెంట ఇంటికి నడుస్తూ, ఒక్క మాట జారిపోకుండా మళ్లీ మళ్లీ చెప్పుకునేది. ఇలా ఆ కవితలు పదిమంది దాకా నమ్మకస్తుల తలకాయల్లో ఉండిపోయాయి. మన భాషలో చెప్పాలంటే పది సర్వర్ల మీద బ్యాకప్. ఎవ్వరూ బయటపెట్టలేదు. "రెక్వియెం" 1963లో మ్యూనిక్‌లో అచ్చయింది, రచయిత్రి అనుమతి లేకుండానే. సొంత దేశంలో అచ్చయింది 1987లో. అప్పటికి ఆవిడ పోయి ఇరవై ఒక్క ఏళ్లు.

మనకు ఈ కంఠస్థం సంగతి కొత్త కాదు. వేదం దగ్గర్నుంచి శతకపద్యాల దాకా నోటికి పట్టి మోసుకొచ్చిన జాతి మనది. తేడా ఏంటంటే, మన పిల్లవాడు పద్యం అప్పజెబితే ఇంట్లో మెచ్చుకునేవాళ్లు. అక్కడ అప్పజెబితే పట్టుకుపోతారు.

మండెల్‌స్టాంకి జరిగింది అదే. 1933 నవంబర్‌లో స్టాలిన్ మీద పదహారు పంక్తుల పద్యం కట్టి, ఒక్కొక్క స్నేహితుడికీ చదివి వినిపించాడు. పాస్తర్నాక్ విని, ఇది కవిత్వం కాదు ఆత్మహత్య, నువ్వు చదవలేదు నేను వినలేదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడంటారు. విన్నవాళ్లలో ఎవరో చెప్పేశారు. 1934 మేలో అరెస్టు. నాలుగేళ్లకు రెండోసారి. 1938 డిసెంబర్ 27న వ్లాదివొస్తోక్ దగ్గర శిబిరంలో చచ్చిపోయాడు. ఆయన భార్య నదెజ్దా ఊరూరూ తిరుగుతూ, ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతుకుతూ, భర్త కవితల్ని నోట్లోనే దాచుకుంది. పాస్తర్నాక్ చేసింది పిరికితనమా, తెలివా? నేనైతే తీర్పు చెప్పలేను. ఆ పద్యం విన్న ప్రతివాడికీ, పోలీసులకి చెప్పకపోవడం కూడా నేరమే అయిన రోజులవి.

సరే, స్టాలిన్ 1953లో పోయాడు. భయం కొంచెం సడలింది. తలకాయల్లో ఉన్నది మెల్లగా కాగితం మీదకొచ్చింది. దానికే సమీజ్‌దాత్ అని పేరు. స్వయంగా అచ్చేసుకున్నది అని అర్థం. చాలా సర్కారీ ప్రచురణాలయాల పేర్ల చివర "ఇజ్‌దాత్" అని ఉండేది కాబట్టి, వాటిని వెక్కిరిస్తూ పుట్టిన మాట.

దాని సాంకేతికత నాకు భలే నచ్చింది, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. ప్రెస్సులు, కాపీ యంత్రాలు అన్నీ ప్రభుత్వం గుప్పిట్లో. మామూలు మనిషి చేతిలో ఉన్నది టైపు మిషను ఒక్కటే. తూర్పు జర్మనీ వాళ్ల ఎరికా అనే పోర్టబుల్ మిషనుకు బాగా పేరు. పల్చటి కాగితాలూ, వాటి మధ్య కార్బన్ కాగితాలూ పెట్టి గట్టిగా కొడితే నాలుగైదు కాపీలొస్తాయి. పైది శుభ్రంగా ఉంటుంది. నాలుగోది మసకమసకగా, అక్షరం అక్షరం పోల్చుకుంటూ చదవాలి. మనం రోజూ ఈమెయిల్లో పెడుతుంటామే సీసీ, అది ఈ కార్బన్ కాపీయే. కాపీ తీసుకున్నవాడు చదివి ఊరుకోకూడదు, వీలైతే మళ్లీ టైపు కొట్టి ఇంకో నలుగురికివ్వాలి. నాలుగు పదహారవుతుంది, పదహారు అరవై నాలుగవుతుంది. మూడు వందల పేజీల నవలని రాత్రిళ్లు, పక్క వాటాలోకి చప్పుడు వినిపించకుండా మిషను కింద దుప్పటి మడత పెట్టి కొట్టడం ఎంత పనో ఊహించుకోండి. ఈ పని చేసినవాళ్లలో చాలామంది ఆడవాళ్లు.

శిక్షలూ చిన్నవి కావు. 1960 నాటి శిక్షాస్మృతిలో 70వ సెక్షన్ కింద ఏడేళ్ల జైలు, పైన ఐదేళ్ల ప్రవాసం దాకా వేయొచ్చు. 1966లో సిన్యావ్‌స్కీ, దనియేల్ అనే ఇద్దరు రచయితలకి, మారుపేర్లతో విదేశాల్లో పుస్తకాలు వేయించుకున్నందుకు ఏడేళ్లు, ఐదేళ్లు పడ్డాయి. అదే ఏడాది 190-1 అని ఇంకో సెక్షన్ చేర్చారు. అది మూడేళ్లది.

1968 ఏప్రిల్‌లో నతాల్యా గోర్బనేవ్‌స్కాయా అనే కవయిత్రి సంపాదకురాలిగా ఒక టైపు పత్రిక మొదలైంది. ఎవర్ని అరెస్టు చేశారు, ఎక్కడ సోదా జరిగింది, ఏ శిబిరంలో ఎవరు నిరాహారదీక్షలో ఉన్నారు అన్న వార్తలు, వ్యాఖ్యానం లేకుండా. "వర్తమాన ఘటనల దినచర్య" అనొచ్చు దాని పేరుని. సమాచారం పంపాలంటే ఎలా? ఆఫీసు లేదు, చిరునామా లేదు. ఐదో సంచికలో దారి చెప్పారు. మీకు ఈ కాపీ ఎవరిచ్చారో వాళ్లకి చెప్పండి, వాళ్లు తమకిచ్చినవాళ్లకి చెబుతారు. అంతేగానీ గొలుసు మొత్తం మీరే వెతుక్కుంటూ వెళ్లకండి, మిమ్మల్ని ఇన్‌ఫార్మర్ అనుకుంటారు. చూశారా, అచ్చంగా లింక్డ్ లిస్టు! ప్రతి నోడ్‌కీ తన ముందు నోడ్ మాత్రమే తెలుసు. ఒకణ్ణి పట్టుకుంటే ఒక లంకె తెగుతుంది, మొత్తం కూలదు. పైగా వెనక సంచికలో తప్పు పడితే తర్వాతి సంచికలో సవరణ వేసేవాళ్లు. జైలుకి పోయే పత్రికకి అంత క్వాలిటీ పట్టింపు! :)

ఇప్పటిదాకా చెప్పింది దాచడం, నకళ్లు తీయడం గురించి. చిత్తుప్రతిని బాగుచేసే సాయం వేరే. ఆ మాట చెప్పాలంటే అన్నా బెర్జెర్ గురించి చెప్పాలి. ఈవిడ నిషిద్ధ సాహిత్యం మనిషి కాదు, "నోవీ మీర్" అనే సర్కారీ పత్రికలో కథల విభాగంలో మామూలు ఎడిటర్. 1961 నవంబర్‌లో లెవ్ కోపెలెవ్ భార్య రైసా ఓర్లోవా ఒక టైపు ప్రతి తెచ్చి ఈవిడ చేతిలో పెట్టింది. శీర్షిక "ష్చ-854", అంటే ఒక ఖైదీ నెంబరు. కాగితానికి రెండువైపులా, పంక్తుల మధ్య ఖాళీ లేకుండా కొట్టిన ప్రతి. రచయిత ర్యాజాన్‌లో భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం చెప్పే బడిపంతులు, మాజీ ఖైదీ. పేరు సోల్జెనిత్సిన్.

బెర్జెర్ చేసింది రెండు పనులు. మొదటిది, శుభ్రంగా చదవడానికి వీలుగా మళ్లీ టైపు చేయించింది. రెండోది, మధ్యలో ఉన్న సంపాదకవర్గం పెద్దల చేతికి పోకుండా నేరుగా ప్రధాన సంపాదకుడు త్వార్దోవ్‌స్కీకి అందేలా చూసింది. త్వార్దోవ్‌స్కీ రైతు కుటుంబం నుంచి వచ్చిన కవి. అందుకని ఆవిడ ఇది శిబిరాన్ని ఒక రైతు కళ్లతో చూపించిన కథ అని మాత్రం చెప్పి ఊరుకుంది. అంతే. ఆయన ఆ రాత్రే చదివేశాడు. పత్రిక వాళ్లు శీర్షిక మార్చారు, కృశ్చేవ్ దాకా వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు. 1962 నవంబర్ సంచికలో "ఇవాన్ దెనీసొవిచ్ జీవితంలో ఒక రోజు" అచ్చయింది. మధ్యలో పెద్దల్లో ఏ ఒక్కడు ముందు చదివినా ఆ ప్రతి సొరుగులోకి పోయేది. మంచి ఎడిటర్ పని వాక్యాలు దిద్దడమే అనుకుంటాం. సరైన మనిషి చేతికి సరైన రోజున చేర్చడం కూడా ఆ పనిలో భాగమే.

వసీలీ గ్రోస్మన్‌కి అలాంటి అదృష్టం లేదు. యుద్ధకాలంలో స్టాలిన్‌గ్రాడ్ నుంచి వార్తలు రాసిన మనిషి. "జీవితం-విధి" అనే పెద్ద నవల 1960కి పూర్తిచేశాడు. హిట్లర్ రాజ్యానికీ స్టాలిన్ రాజ్యానికీ పోలికలు చూపించే నవల. స్నేహితుడు సెమ్యోన్ లిప్కిన్, కవి, అనువాదకుడు, ఆ ప్రతి మొత్తం చదివాడు. చదివి, ఇది ఏ పత్రికకీ ఇవ్వకు, అచ్చు కాదు సరికదా నిన్ను తీసుకుపోతారు అని మొహం మీదే చెప్పాడు. గ్రోస్మన్ వినలేదు. అయితే ప్రమాదకరమైన చోట్లు గుర్తుపెట్టి ఇమ్మంటే లిప్కిన్ అదీ చేశాడు. గ్రోస్మన్ "జ్నామ్యా" పత్రికకి ఇచ్చేశాడు. ఇచ్చేముందు మాత్రం ఒక కాపీ లిప్కిన్ చేతిలో పెట్టాడు.

1961 ఫిబ్రవరిలో కేజీబీ వచ్చింది. మనిషిని వదిలేసి నవలని అరెస్టు చేశారు. ఇంట్లో ప్రతులు, టైపిస్టుల దగ్గర ప్రతులు, కార్బన్ కాగితాలు, ఆఖరికి టైపు మిషను రిబ్బన్లు కూడా పట్టుకుపోయారు. రిబ్బను మీద అక్షరాల అచ్చు మిగులుతుంది కదా. ఇంత క్షుణ్ణంగా డిలీట్ కొట్టడం నేనెక్కడా చూడలేదు. ఆ మరుసటేడు పార్టీ పెద్ద సుస్లోవ్, ఈ పుస్తకం రెండు మూడు వందల ఏళ్లదాకా అచ్చు కాదని గ్రోస్మన్‌తో అన్నాడని చెప్పుకుంటారు. 1964లో గ్రోస్మన్ క్యాన్సర్‌తో పోయాడు, నవలని అచ్చులో చూడకుండానే.

లిప్కిన్ ఆ కాపీని పదేళ్లకు పైగా దాచాడు. పెళ్లాం బిడ్డలున్న మనిషి, సర్కారు అనువాదాల మీద బతికే మనిషి. ఒక్క ఫోన్ కాల్ చాలు ఆ బతుకు పోవడానికి. 1970లలో మైక్రోఫిల్ము తీయించి బయటకు పంపారు. సఖరోవ్ దంపతులు, రచయిత వోయ్నోవిచ్ ఇందులో చేయి వేశారు. 1980లో స్విట్జర్లాండులో లొజాన్‌లో అచ్చయింది, 1988లో సొంతగడ్డ మీద. నాకు లిప్కిన్‌లో నచ్చేది ఇదే. చిత్తుప్రతి చూసి తన అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్పాడు. రచయిత ఆ సలహా వినకపోయినా, నా మాట వినలేదుగా నీ చావు నువ్వు చావు అనలేదు.

ఇంక ఎలిజవేతా వొరోన్యాన్‌స్కాయా. ఈవిడ కథ రాయడం కష్టంగానే ఉంది. లెనిన్‌గ్రాడ్‌లో ఉండే పెద్దావిడ. "ఇవాన్ దెనీసొవిచ్" చదివి సోల్జెనిత్సిన్‌కి అభిమాని అయి, తర్వాత ఆయన రాతలకి టైపిస్టు అయింది. ఆయన "గులాగ్ ద్వీపసమూహం" రహస్యంగా రాస్తున్న రోజులు. తనకి అనుభవాలు చెప్పినవాళ్లు 227 మంది అని లెక్క చెప్పుకున్నాడు. పుస్తకం మొత్తం ఎప్పుడూ ఒకే బల్ల మీద ఉండేది కాదు. ఒక భాగం ఒకరి దగ్గర, ఇంకో భాగం ఇంకొకరి దగ్గర. ఈవిడ టైపు కొట్టడంతో ఆగలేదు, అభిప్రాయాలు చెప్పేది, ఏడ్చేది, పోట్లాడేది.

పాత ప్రతి ఒకటి ఈవిడ దగ్గర ఉండిపోయింది. కొత్త ప్రతి సిద్ధమయింది కాబట్టి అది కాల్చేయమని సోల్జెనిత్సిన్ చెప్పాడు. కాల్చేశానని ఈవిడ చెప్పింది. కాల్చలేదు. చేతులు రాలేదు. ఉన్న మిగతా ప్రతులన్నీ దొరికిపోతే ఇదొక్కటైనా మిగులుతుందని అనుకుంది. ఒక తెలిసినాయన తోటలో దాపెట్టించింది. 1973 ఆగస్టులో కేజీబీ ఆవిణ్ణి పట్టుకుని ఐదు రోజులు ప్రశ్నించింది. చెప్పేసింది. ఇంటికి వదిలేశాక కొద్ది రోజులకే ఉరికి వేలాడుతూ కనిపించింది. ప్రతి కేజీబీ చేతికి పోయింది.

ఇక్కడ విచిత్రం ఏమిటంటే, సోల్జెనిత్సిన్ అప్పటికే ఆ పుస్తకాన్ని ఏళ్లుగా బయటపెట్టకుండా ఆపుతున్నాడు. అందులో మాట్లాడినవాళ్లు ఇంకా బతికున్నారు, వాళ్లకి హాని జరుగుతుందని. విదేశంలో ఒక కాపీ ముందే భద్రంగా ఉంది. కేజీబీ చేతికి పడ్డాక ఇక దాచి లాభం లేదని, వెంటనే అచ్చేయమని కబురు పంపాడు. 1973 డిసెంబర్ చివర్లో పారిస్‌లో మొదటి సంపుటం వచ్చింది. ఆరు వారాలకు, 1974 ఫిబ్రవరిలో, ఆయన్ని దేశం నుంచి గెంటేశారు. అంటే ఆవిడ కాల్చకపోవడం వల్లే పుస్తకం అప్పుడు బయటకొచ్చింది. ఆవిడ కాల్చకపోవడం వల్లే ఆవిడ పోయింది. రచయిత మాట తప్పడం తప్పే అని కొందరంటారు. ఉన్న పద్ధతి ప్రకారం తప్పే. కానీ రాత్రులు కూర్చుని వేళ్లు నొప్పెట్టేలా కొట్టిన కాగితాలని పొయ్యిలో పెట్టమంటే, చదవడం ఇష్టమైన మనిషికి ఎలా వస్తుంది చెప్పండి. నేను ఆవిణ్ణి తప్పు పట్టలేను.

ఈ సాయం చేసినవాళ్లందరి గురించీ సోల్జెనిత్సిన్ 1970లలోనే ఒక పుస్తకం రాసిపెట్టాడు. "కనిపించనివాళ్లు" అని దాని పేరు. కానీ అచ్చు వేయలేదు. పేర్లు బయటపడితే జైళ్లే కదా. 1991లో గానీ అది వెలుగు చూడలేదు. ఎవరు టైపు కొట్టారు, ఎవరు ఫిల్ము తీశారు, ఎవరు పూలమొక్కల కింద పాతిపెట్టారు, అంతా పేర్లతో సహా ఉంది. సాఫ్ట్‌వేర్‌లో క్రెడిట్స్ పేజీ ఎవరూ చదవరు గానీ, ఇది మాత్రం చదవాల్సిన క్రెడిట్స్ పేజీ.

మన దగ్గరా పుస్తకాల మీద నిషేధాలు లేకపోలేదు. ఉన్నవ "మాలపల్లి" ఉంది, బెంగుళూరు నాగరత్నమ్మ గారు అచ్చేయించిన "రాధికాసాంత్వనము" ఉంది, 1947లో ప్రకాశం పంతులు గారి హయాంలో గానీ దాని మీద ఆంక్ష పోలేదు. వాటి గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఇరికిస్తే అన్యాయం.

లిడియా చుకోవ్‌స్కాయా సంగతి ఒకటి మిగిలిపోయింది. ఆవిడ అఖ్మతోవా కవితలు దాచిపెట్టడమే కాదు, తనూ రాసింది. 1939-40 చలికాలంలో, ఒక మందపాటి స్కూలు నోటుపుస్తకంలో, కొడుకుని అరెస్టు చేశాక ఒక తల్లి మతి తప్పిపోవడం గురించి "సోఫియా పెత్రోవ్నా" అనే చిన్న నవల. జరుగుతున్న అరెస్టుల మీద, అవి జరుగుతున్న ఏళ్లలోనే, ఆ ఊళ్లోనే కూర్చుని రాసింది. ఈసారి శ్రోత అఖ్మతోవా. ఇంకొందరు స్నేహితుల్ని కూర్చోబెట్టి చదివి వినిపిస్తే, ఎలాగో పోలీసులకి ఉప్పందింది. నోటుపుస్తకం తన ఇంట్లో ఉంచుకునే వీల్లేక ఒక స్నేహితుడికిచ్చి ఊరు దాటింది.

1941లో జర్మన్లు లెనిన్‌గ్రాడ్‌ని చుట్టుముట్టారు. ఊరు ఊరంతా ఆకలి. ఆ స్నేహితుడు కూడా ఆ ఆకలితోనే పోయాడు. పోవడానికి ముందురోజు, ఓపిక లేని కాళ్లతో ఊరికి ఆ చివరున్న చెల్లెలింటికి నడిచి వెళ్లి, ఆ నోటుపుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, లిడియా బతికుంటే ఇవ్వమని చెప్పి వచ్చాడు. యుద్ధం తర్వాత ఆవిడకి చేరింది. 1965లో పారిస్‌లో అచ్చయింది, 1988లో లెనిన్‌గ్రాడ్‌లో.